ఆర్కిటెక్టు రిజిస్ట్రేషన్, మరో రాష్ట్రం, మరో దేశం: పరస్పర గుర్తింపుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకచోట రిజిస్టరైన ఆర్కిటెక్టుకు మరోచోట డ్రాయింగుల మీద సంతకం చేసే హక్కు ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది ఇక్కడి విషయం. అమెరికా ప్రస్తావన ఎక్కువగా కనిపిస్తుంది. రాష్ట్రానికో బోర్డు ఉండడం వల్ల ఈ తలనొప్పి అక్కడే ఎక్కువ. ఫీజుల అంకెలు కావాలనే ఇవ్వలేదు. అవి తరచుగా మారుతాయి, దరఖాస్తు చేసే రోజున బోర్డు వెబ్‌సైటులో చూసుకోవడమే క్షేమం.

నా లైసెన్సును పాత రాష్ట్రం నుంచి కొత్త రాష్ట్రానికి బదిలీ చేసుకోవచ్చా?

లైసెన్సు కదలదు. ఇచ్చిన బోర్డు దగ్గరే, ఆ బోర్డు నియమాలకు లోబడే ఉంటుంది. కొత్త చోట మీకు రెండో లైసెన్సు ఇస్తారు. దానికి వేరే నంబరు, వేరే సీలు, వేరే రెన్యువల్ తేదీ ఉంటాయి. పరస్పర గుర్తింపు వల్ల కలిగే మేలు ఏమిటంటే, చదువు, శిక్షణ, పరీక్ష అనే మూడింటినీ మళ్లీ మొదటి నుంచి చేయనక్కరలేదు. ఇంతకు ముందే ఒక బోర్డు మిమ్మల్ని పరిశీలించి ఒప్పుకుంది కాబట్టి ఆ రుజువులను రెండో బోర్డు అంగీకరిస్తుంది.

దీన్ని బదిలీగా భావించి, కొత్త లైసెన్సు చేతికి రాగానే పాతదాన్ని వదిలేసేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. రేపు మూడో చోట దరఖాస్తు చేసినప్పుడు, మీరు పరీక్ష రాసి సంపాదించిన ఆ మొదటి లైసెన్సు ఇంకా చెల్లుబాటులో ఉందా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఈ పేజీలో దాన్ని మూల లైసెన్సు అంటున్నాం.

ఒకే దేశంలో ఇన్ని బోర్డులు ఎందుకు?

అమెరికాలో వృత్తుల నియంత్రణ రాష్ట్రాల అధికారం. ఆర్కిటెక్టులకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ మొదట చట్టం తెచ్చింది ఇల్లినాయ్, 1897లో. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రమూ తన చట్టం తాను చేసుకుంది. ఇప్పుడు 50 రాష్ట్రాలు, వాషింగ్టన్ డీసీ, గువామ్, ప్యూర్టోరికో, వర్జిన్ దీవులు, ఉత్తర మరియానా దీవులు కలిపి 55 బోర్డులు. వీటికి ఉమ్మడి వేదికగా 1919లో పుట్టిన జాతీయ మండలిని ఎన్‌కార్బ్ అంటారు. పరీక్ష తయారు చేసేది, రికార్డులు భద్రపరిచేది, విదేశాలతో ఒప్పందాలు కుదిర్చేది ఎన్‌కార్బ్. లైసెన్సు ఇచ్చేది మాత్రం రాష్ట్ర బోర్డే.

కెనడాలో ఇలాంటి నియంత్రణ సంస్థలు 11, ఆస్ట్రేలియాలో 8. బ్రిటన్‌లో దేశం మొత్తానికి ఒకే బోర్డు, ఏఆర్‌బీ. భారత్‌లో 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం కింద ఒకే కౌన్సిల్, ఒకే రిజిస్టరు. అక్కడ రాష్ట్రం మారినందుకు కొత్త రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

ఎన్‌కార్బ్ సర్టిఫికెట్ ఉంటే ఏ రాష్ట్రంలోనైనా పని చేయవచ్చా?

చేయకూడదు. అది లైసెన్సు కాదు. దాని బలం మీద ఒక్క డ్రాయింగు మీద కూడా సీలు వేయలేరు. మీ చదువు, శిక్షణ, పరీక్ష, లైసెన్సు చరిత్ర అన్నీ ఒకసారి సరిచూసి, జాతీయ ప్రమాణానికి సరిపోయాయని ఎన్‌కార్బ్ ఇచ్చే ధ్రువీకరణ అది. కొత్త రాష్ట్రంలో దరఖాస్తు చేసినప్పుడు ఆ రికార్డు నేరుగా బోర్డుకు వెళ్తుంది.

మామూలు దారిలో ఆ సర్టిఫికెట్‌కు నాలుగు కావాలి. డిగ్రీ కోర్సులకు గుర్తింపు ఇచ్చే ఎన్‌ఏఏబీ అనే సంస్థ ఆమోదించిన ఆర్కిటెక్చర్ డిగ్రీ ఒకటి. ఏఎక్స్‌పీ అనే శిక్షణలో ఆరు విభాగాల్లో కలిపి 3,740 గంటలు రెండోది. ఏఆర్‌ఈ పరీక్షలోని ఆరు భాగాలూ పాస్ కావడం మూడోది. చివరిది, ఏదో ఒక అమెరికన్ బోర్డు ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు.

గుర్తింపు పొందిన డిగ్రీ లేని ఆర్కిటెక్టులకు పక్కదారులు ఉన్నాయి. ఆర్కిటెక్చర్ సంబంధమైన నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవారు ఏఎక్స్‌పీకి రెట్టింపు అనుభవం చూపించవచ్చు. ఇతరులు తమ పనిని పోర్ట్‌ఫోలియోగా సమర్పించవచ్చు. విదేశీ డిగ్రీ ఉన్నవారికి ఈఈఎస్‌ఏ అనే మదింపు ఉంది. ఇక్కడొక మెలిక: పక్కదారిలో వచ్చిన సర్టిఫికెట్‌ను అన్ని రాష్ట్రాలూ ఒప్పుకోవు. గుర్తింపు డిగ్రీ తప్ప మరేదీ పనికిరాదనే బోర్డులు ఇంకా ఉన్నాయి. మీకు కావలసిన రాష్ట్రం ఆ జాబితాలో ఉందేమో ముందు చూసుకుని, ఆ తర్వాతే డబ్బు, సమయం పెట్టండి.

అయితే సర్టిఫికెట్ తీసుకోవడం దండగ కాదా? నేరుగా దరఖాస్తు చేస్తే కుదరదా?

కొన్ని బోర్డులు సర్టిఫికెట్ లేకపోయినా, పాత బోర్డు నుంచి ధ్రువీకరణ తెప్పించుకుని పరిశీలిస్తాయి. జీవితంలో ఇంకొక్క రాష్ట్రం చాలు అనుకునేవారికి ఆ దారి చవక. రెండు మూడు రాష్ట్రాల్లో పని వచ్చే సూచన ఉంటే సర్టిఫికెట్టే నయం. విశ్వవిద్యాలయం నుంచి మార్కుల పత్రాలు, ఎప్పుడో పని చేసిన యజమాని సంతకం, పాత బోర్డు లేఖ అంటూ ప్రతిసారీ అందరి వెంటా పడే బాధ ఒక్కసారితో తీరుతుంది. పదేళ్ల తర్వాత ఆ యజమాని సంస్థ ఉంటుందో ఉండదో తెలియదు. ఎన్‌కార్బ్ రికార్డులో చేరిన అనుభవానికి ఆ భయం లేదు.

రికార్డు వెళ్లాక ఇంకేమైనా అడుగుతారా?

అడుగుతారు. జాతీయ ప్రమాణం కనీస గీత మాత్రమే. దాని మీద తన నేల, వాతావరణం, చట్టాలను బట్టి ఒక్కో రాష్ట్రం ఒక్కో షరతు పెడుతుంది.

అన్నిటికన్నా బరువైనది కాలిఫోర్నియాది. ఇతర రాష్ట్రంలో ఎన్నేళ్ల అనుభవం ఉన్నా అక్కడ సీఎస్‌ఈ అనే అదనపు పరీక్ష రాయాల్సిందే. రాష్ట్ర చట్టాలు, అనుమతుల విధానం, భూకంప నిబంధనల వంటివి అందులో ఉంటాయి. లైసెన్సు వచ్చాక కూడా ప్రతి రెండేళ్ల రెన్యువల్‌కు వికలాంగులకు అందుబాటు విషయంలో 5 గంటలు, శూన్య కర్బన డిజైన్‌లో 5 గంటలు చదివినట్లు చూపించాలి. ఏఆర్‌ఈ గట్టెక్కిన ధీమాతో సీఎస్‌ఈని చిన్నచూపు చూడడం మంచిది కాదు. రెండూ వేర్వేరు తరహా పరీక్షలు.

అలాస్కా ఆర్కిటిక్ ఇంజినీరింగ్ కోర్సు అడుగుతుంది. ఏళ్ల తరబడి గడ్డకట్టే ఉండే నేల మీద పునాది ఎలా వేయాలో, గడ్డకట్టే చలిలో గోడలోకి తేమ చేరకుండా ఎలా చూడాలో తెలియనివారు అక్కడ కట్టకూడదన్నది సబబే. టెక్సస్ వేలిముద్రలు తీసుకుని నేర చరిత్ర తనిఖీ చేస్తుంది. మరికొన్ని బోర్డులు తమ చట్టాలపై చిన్న ప్రశ్నపత్రం ఇస్తాయి. అది పుస్తకం దగ్గర పెట్టుకుని రాసేదే అయినా, చదవకుండా రాస్తే ఇబ్బందే.

దేశాల మధ్య ఒప్పందాలు ఏవేవి ఉన్నాయి?

ముఖ్యమైనవి చెబుతాం. ప్రతి ఒప్పందం షరతులూ కాలక్రమంలో సవరిస్తారు కాబట్టి, కింది అంకెలను స్వరూపం తెలుసుకోవడానికి వాడండి, దరఖాస్తుకు తాజా ప్రతి చూడండి.

అమెరికా, కెనడాల మధ్య మొదటి ఒప్పందం 1994 నాటిది. దాని స్థానంలో వచ్చినది 2014 జనవరి 1 నుంచి అమలైంది. సొంత దేశంలో లైసెన్సు వచ్చాక కనీసం 2,000 గంటలు, అంటే దాదాపు ఏడాది, పని చేసి ఉండాలని అది అడిగింది. ఆ దేశ పౌరసత్వం గానీ శాశ్వత నివాస హక్కు గానీ ఉండాలంది. ఉన్నవాటిలో సులువైనది ఇదే. రెండు దేశాల శిక్షణ పద్ధతులూ దగ్గరగా ఉండడమే కారణం.

మెక్సికోను కూడా కలుపుకున్న త్రిపక్ష ఒప్పందం ఉంది. అది లైసెన్సు తర్వాత 10 ఏళ్ల వృత్తి అనుభవం కోరుతుంది. దీన్ని అంగీకరించిన అమెరికన్ బోర్డులు కూడా కెనడా ఒప్పందంతో పోలిస్తే తక్కువ.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతో అమెరికా కుదుర్చుకున్నది 2017 జనవరి 1న అమల్లోకి వచ్చింది. అందులో లైసెన్సు తర్వాతి అనుభవం 6,000 గంటలు, అంటే సుమారు మూడేళ్లు. బ్రిటన్‌తో ఒప్పందం 2023 ఏప్రిల్ 25 నుంచి అమలైంది. బ్రిటన్‌కు వెళ్లే అమెరికన్ ఆర్కిటెక్టు అక్కడి చట్టాలు, నిర్మాణ పద్ధతులపై ఒక మదింపుకు హాజరు కావాలి. అమెరికాకు వచ్చే బ్రిటిష్ ఆర్కిటెక్టుకు అక్కడి విద్యా క్రమంలోని మూడు భాగాలూ, అంటే పార్ట్ 1, 2, 3, బ్రిటన్‌లోనే గుర్తింపు పొందిన సంస్థల్లో పూర్తయి ఉండాలి. అదే 2023లో బ్రిటన్ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లతో కూడా ఒప్పందం చేసుకుంది. యూరప్ సమాఖ్య నుంచి బయటికి వచ్చాక పోయిన గుర్తింపును వేరే దిక్కుల్లో వెతుక్కునే ప్రయత్నం ఇది.

కెనడా, యూరప్ సమాఖ్యల మధ్య 2024లో ఆమోదం పొందిన ఒప్పందం మరో విధంగా గమనించదగ్గది. వాటి మధ్య ఉన్న పెద్ద వాణిజ్య ఒప్పందం కింద వృత్తి అర్హతలపై కుదిరిన మొదటి పరస్పర గుర్తింపు ఆర్కిటెక్టులదే.

రెండు దేశాలూ సంతకం చేశాయి కదా, నాకు కావలసిన రాష్ట్ర బోర్డు కుదరదంటోంది. ఎలా?

సంతకం చేసింది జాతీయ మండలి. దాన్ని పాటించాలా వద్దా అన్నది ఒక్కో బోర్డూ విడిగా నిర్ణయించుకుని అంగీకార పత్రం ఇవ్వాలి. కొన్ని బోర్డులు చట్టం అనుమతించక ఇవ్వలేదు, కొన్ని తమ ఇష్టం మేరకు దూరంగా ఉన్నాయి. ప్రతి ఒప్పందానికీ పాల్గొనే బోర్డుల జాబితా ఉంటుంది. ముందు దాన్ని చూడండి. మీ రాష్ట్రం లేకపోతే, జాబితాలో ఉన్న వేరే రాష్ట్రంలో లైసెన్సు తీసుకుని అక్కడి నుంచి ప్రయత్నించాలన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అన్నిసార్లూ పారదు. విదేశీ ఒప్పందంతో వచ్చిన లైసెన్సును తమ దగ్గర ఒప్పుకుంటారా అని కావలసిన బోర్డును ముందే రాతపూర్వకంగా అడగండి, ఫోనులో విన్న జవాబుకు విలువ లేదు.

నాకు ఒప్పందం ద్వారా కెనడా లైసెన్సు వచ్చింది. దాన్ని చూపించి ఇంకో దేశానికి వెళ్లవచ్చా?

వెళ్లలేరు. గొలుసుకట్టుగా ఒక ఒప్పందం మీద ఇంకో ఒప్పందం ఎక్కించడాన్ని ఇవి సాధారణంగా ముందే అడ్డుకుంటాయి. మీరు చూపించే మూల లైసెన్సు ఆ దేశపు చదువు, శిక్షణ, పరీక్షల ద్వారానే వచ్చి ఉండాలి, మరో విదేశీ గుర్తింపు ద్వారా వచ్చి ఉండకూడదు.

అనుభవం గంటల్లో రిజిస్ట్రేషన్‌కు ముందు చేసిన పని కలుస్తుందా?

కలవదు. పదిహేనేళ్లుగా వృత్తిలో ఉన్నా, లైసెన్సు నిరుడే తీసుకున్నవారి ఖాతాలో ఏడాదే ఉంటుంది. పని కూడా మూల లైసెన్సు ఇచ్చిన దేశంలో చేసినదే కావాలి. ఈ నిబంధన అన్యాయంగా అనిపించవచ్చు, ముఖ్యంగా రిజిస్ట్రేషన్ లేకుండానే చట్టబద్ధంగా డిజైన్ చేయగల దేశాల నుంచి వచ్చేవారికి. అయినా మినహాయింపు అడిగి లాభం లేదు. ఎప్పటికైనా విదేశం వెళ్లే ఉద్దేశం ఉంటే, అర్హత వచ్చిన వెంటనే రిజిస్టర్ కావడమే దీనికి విరుగుడు.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌ల మధ్య కూడా ఇంత తతంగం ఉంటుందా?

ఉండదు. అక్కడిది బోర్డుల ఒప్పందం కాదు, చట్టం. ఆస్ట్రేలియాలో రాష్ట్రాల మధ్య 1992 చట్టం, న్యూజీలాండ్‌తో 1997 చట్టం పని చేస్తాయి. ఒకచోట రిజిస్టరైన వృత్తి నిపుణుడు మరోచోట నోటీసు ఇస్తే, నెలలోగా రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. బోర్డు మంజూరు చేయక, వాయిదా వేయక, తిరస్కరించక ఊరుకుంటే, ఆ గడువు ముగియగానే హక్కు దానంతట అదే వస్తుంది. నిర్ణయం చేయకుండా కూర్చునే అధికారికి ఇంతకన్నా మంచి మందు లేదు. 2021 జూలై 1 నుంచి ఆస్ట్రేలియాలో స్వయంచాలక గుర్తింపు పద్ధతి కూడా మొదలైంది. అయితే అన్ని రాష్ట్రాలూ, అన్ని వృత్తులూ ఒకేసారి అందులోకి రాలేదు.

యూరప్ సంగతి ఏమిటి?

అమెరికా పద్ధతిలో మనిషి రికార్డును తూకం వేస్తారు. యూరప్ సమాఖ్యలో డిగ్రీని చూస్తారు. ఆర్కిటెక్టుల డిగ్రీల గుర్తింపుపై 1985లోనే ఆదేశం వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2005 నాటి 36వ ఆదేశం, దాన్ని 2013లో సవరించారు. సభ్య దేశాల డిగ్రీల జాబితా దాని అనుబంధంలో ఉంటుంది. మీ డిగ్రీ పేరు, మీరు చదివిన ఏడాది ఆ జాబితాకు సరిపోతే గుర్తింపు స్వయంచాలకం, మీ పాఠ్యాంశాలను ఎవరూ తిరగేయరు. సవరించిన నిబంధన ప్రకారం కనీస శిక్షణ ఐదేళ్ల పూర్తికాల చదువు, లేదా నాలుగేళ్ల చదువుతో పాటు రెండేళ్ల వృత్తి శిక్షణ.

అధికారులు దరఖాస్తు అందినట్లు నెలలోగా తెలపాలి, తక్కువైన పత్రాలేవో అప్పుడే చెప్పాలి. పత్రాలన్నీ అందిన నాటి నుంచి మూడు నెలల్లో నిర్ణయం రావాలి. కాదంటే కారణం చెప్పాలి, దాని మీద కోర్టుకు వెళ్లే హక్కు ఉంటుంది. తాత్కాలికంగా ఒకటి రెండు పనులకు వెళ్లేవారు పూర్తి రిజిస్ట్రేషన్ లేకుండా ముందస్తు ప్రకటనతో సరిపెట్టుకునే వీలుంది.

డిగ్రీ జాబితాలో లేనివారు సాధారణ పద్ధతిలోకి వెళ్తారు. అక్కడ మళ్లీ ఒక్కో అంశం సరిపోల్చుకోవడం, అవసరమైతే అదనపు శిక్షణ గానీ పరీక్ష గానీ పెట్టడం తప్పదు. బ్రిటన్ అర్హతలకు స్వయంచాలక గుర్తింపు 2020 డిసెంబర్ 31తో ముగిసింది.

ఏపెక్ ఆర్కిటెక్టు, ఆసియాన్ ఆర్కిటెక్టు అనే బిరుదులు లైసెన్సుతో సమానమా?

రెండూ లైసెన్సులు కావు. ఏపెక్, అంటే ఆసియా పసిఫిక్ ఆర్థిక సహకార వేదిక, నడిపే రిజిస్టరులో 14 ఆర్థిక వ్యవస్థలు ఉన్నాయి, ఆస్ట్రేలియా, జపాన్, సింగపూర్, కెనడా, అమెరికా వాటిలో కొన్ని. రిజిస్టరైన తర్వాత 7 ఏళ్ల అనుభవం, అందులో 3 ఏళ్లు ప్రాజెక్టుల బాధ్యత మోసి ఉండాలి. ఆ పేరు సంపాదించాక ఏ దేశం ఎంత మేరకు తలుపు తెరుస్తుందన్నది దాని ఇష్టం. కొన్ని స్థానిక అంశాల మీద మాత్రమే పరీక్షిస్తాయి, కొన్ని మొత్తం పరీక్ష పెడతాయి, కొన్ని స్థానిక ఆర్కిటెక్టుతో కలిసి పని చేయడానికే ఒప్పుకుంటాయి.

ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్ ఒప్పందం మీద 2007 నవంబర్‌లో సింగపూర్‌లో సంతకాలు జరిగాయి. 10 ఏళ్ల వృత్తి అనుభవం, అందులో లైసెన్సు తర్వాత కనీసం 5 ఏళ్లు అడుగుతారు. వాస్తవానికి అది ఇచ్చేది స్థానిక ఆర్కిటెక్టుతో జతకట్టి పని చేసే అవకాశం. విజిటింగ్ కార్డు మీద బాగుంటుంది కానీ, అనుమతుల కార్యాలయంలో దాని ఒక్కదాని బలం మీద ప్లాను పాస్ కాదు.

నా డిగ్రీకి కాన్‌బెర్రా ఒప్పందం గుర్తింపు ఉంది. ఇక పరీక్ష అక్కరలేదా?

పరీక్ష అక్కరలేదని అది ఎక్కడా చెప్పదు. 2008లో మొదలైన ఈ ఒప్పందం డిగ్రీలకు గుర్తింపు ఇచ్చే సంస్థల మధ్యది. అమెరికా, కెనడా, మెక్సికో, చైనా, దక్షిణ కొరియా సంస్థలు అందులో ఉన్నాయి. ఒక దేశపు గుర్తింపు డిగ్రీ మరో దేశపు డిగ్రీకి దాదాపు సమానమని అంగీకరించుకుంటాయి. చదువు అనే ఒక్క అంశం తేలికవుతుంది. శిక్షణ, పరీక్ష, లైసెన్సు యథాతథం.

ఒప్పందమే లేని దేశంలో రిజిస్టరైతే దారి ఏమిటి?

దారి ఉంది, పొడుగ్గా ఉంటుంది. భారత కౌన్సిల్‌లో రిజిస్టరైనవారి ఉదాహరణ తీసుకుంటే:

అమెరికాకు వెళ్లేవారు ముందు డిగ్రీని ఈఈఎస్‌ఏతో మదింపు చేయించుకోవాలి. లోటుగా తేలిన సబ్జెక్టులను అక్కడి కళాశాలలో చదివి పూరించుకోవచ్చు. లోటు ఎక్కువగా ఇంజినీరింగ్, డిజైన్‌లలో ఉండదు. సాధారణ విద్య కింద వచ్చే కోర్సుల్లో ఉండడమే తరచుగా చూస్తాం. ఏఎక్స్‌పీలో కనీసం 1,860 గంటలు అమెరికా లేదా కెనడా లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు పర్యవేక్షణలో ఉండాలి, కాబట్టి మొత్తం అనుభవం స్వదేశం నుంచే చూపించడం కుదరదు. విదేశీ లైసెన్సు ఉన్నవారికి ఎన్‌కార్బ్ ప్రత్యేక మార్గం పెట్టింది, అందులోనూ ఏఆర్‌ఈ రాయక తప్పదు.

కెనడాలో విస్తృత అనుభవం ఉన్న విదేశీ ఆర్కిటెక్టుల కోసం బీఫా అనే కార్యక్రమం ఉంది. మీ పనిని, సామర్థ్యాన్ని సమీక్షించి, ముఖాముఖి మాట్లాడి నిర్ణయిస్తారు. పదేళ్లకు పైగా గట్టి ప్రాజెక్టులు నడిపినవారికి మళ్లీ శిక్షణార్థిగా మొదలు పెట్టడం కంటే ఇది గౌరవప్రదమైన దారి అని మా అభిప్రాయం. ఆస్ట్రేలియాలో ఏఏసీఏ అనే జాతీయ సంస్థ అర్హతను మదింపు చేస్తుంది, తర్వాత వృత్తి పరీక్ష, ఆపైన రాష్ట్ర బోర్డు.

ఆర్కిటెక్టు అన్న పేరు వాడుకోకుండా ఉంటే లైసెన్సు లేకపోయినా ఫరవాలేదా?

దేశాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లో 1997 చట్టం పేరును మాత్రమే కాపాడుతుంది. రిజిస్టరు కాని వ్యక్తి ఆర్కిటెక్టు అని చెప్పుకోకూడదు, డిజైన్ చేయడం మాత్రం నేరం కాదు. భారత్‌లో కూడా ఆర్కిటెక్టుల చట్టంలోని 37వ సెక్షన్ పేరుకే వర్తిస్తుందని, వృత్తి పనిని నిషేధించదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. అమెరికా రాష్ట్రాల్లో మాత్రం పేరూ పనీ రెండూ నియంత్రణలో ఉంటాయి. చిన్న ఇళ్ల వంటి కొన్ని మినహాయింపులు తప్ప, లైసెన్సు లేకుండా సేవ చేయడమే తప్పు. పేరును మాత్రమే కాపాడే చోటు నుంచి వచ్చినవారు ఈ తేడా తెలియక చిక్కుల్లో పడతారు.

దరఖాస్తు పెండింగులో ఉంది. క్లయింటు తొందర పెడుతున్నారు. పని మొదలు పెట్టవచ్చా?

సీలు వేయకూడదు, ఆ రాష్ట్రంలో ఆర్కిటెక్టునని చెప్పుకోకూడదు. కొన్ని రాష్ట్రాలు పని కోసం ప్రయత్నించడం వరకు ఒప్పుకుంటాయి. అప్పుడు కూడా ఇక్కడ ఇంకా లైసెన్సు లేదని క్లయింటుకు రాతపూర్వకంగా చెప్పాలి, పని దక్కగానే దరఖాస్తు చేయాలి. మరికొన్ని ప్రతిపాదన పంపడాన్నే సేవగా లెక్కిస్తాయి.

స్థానిక ఆర్కిటెక్టు చేత సంతకం చేయించుకుంటే సరిపోతుందన్న సలహా తరచుగా వినిపిస్తుంది. ఆయన పనిని మొదటి నుంచి తన బాధ్యతగా పర్యవేక్షించి ఉంటే అది సక్రమమే. పూర్తయిన డ్రాయింగులు పంపి సీలు మాత్రం వేయించుకుంటే ఇద్దరి మీదా క్రమశిక్షణ చర్య ఉంటుంది, ఆ మచ్చ ఆ తర్వాత ప్రతి దరఖాస్తులోనూ కనిపిస్తుంది. తొందరపెట్టే క్లయింటును పోగొట్టుకున్నా ఇంతకన్నా తక్కువ నష్టమే.

నాకు లైసెన్సు వచ్చింది. నా సంస్థ పేరుతో ఒప్పందం రాసుకోవచ్చా?

చాలా రాష్ట్రాల్లో సంస్థకు విడిగా రిజిస్ట్రేషన్ కావాలి. యాజమాన్యంలో ఎంత వాటా ఆర్కిటెక్టులది కావాలి, సంస్థ పేరులో ఏ పదాలు ఉండవచ్చు అన్నవి రాష్ట్రానికో తీరు. వ్యక్తిగత లైసెన్సు వచ్చిన ఉత్సాహంలో ఎక్కువమంది మరిచిపోయే మెట్టు ఇదే.

లైసెన్సు ఉంటే వీసా వస్తుందా?

రెండూ వేర్వేరు శాఖల పనులు. లైసెన్సు ఉన్నంత మాత్రాన పని చేసే అనుమతి రాదు, పని అనుమతి ఉన్నంత మాత్రాన సీలు రాదు. ఉత్తర అమెరికా వాణిజ్య ఒప్పందం కింద కెనడా, మెక్సికో పౌరులకు అమెరికా ఇచ్చే టీఎన్ అనే తాత్కాలిక ఉద్యోగ హోదా జాబితాలో ఆర్కిటెక్టులు ఉన్నారు. దానికి డిగ్రీ గానీ, రాష్ట్ర లేదా ప్రావిన్స్ లైసెన్సు గానీ చాలు. క్విబెక్‌కు వెళ్లేవారికి మూడో పని కూడా ఉంటుంది: వృత్తికి తగినంత ఫ్రెంచి వచ్చని చూపించాలి.

బీమా పాలసీ అక్కడ కూడా వర్తిస్తుందా?

పాలసీలో ప్రాదేశిక పరిధి అన్న భాగం చదవండి. అమెరికా, కెనడాలను పూర్తిగా మినహాయించే వృత్తి బాధ్యత పాలసీలు వేరే దేశాల్లో మామూలే. లైసెన్సు వచ్చిన రోజే ఈ విషయం బీమా సంస్థకు తెలియజేసి, మార్పును రాతపూర్వకంగా తీసుకోవాలి.

ప్రతి రాష్ట్రానికీ విడిగా నిరంతర విద్య గంటలు పూర్తి చేయాలా?

ఒకే కోర్సును చాలాచోట్ల చూపించవచ్చు. ఏడాదికి 12 గంటలు, అవి కూడా ప్రజల ఆరోగ్యం, భద్రత, సంక్షేమం అంశాలపై అన్నది ఎన్‌కార్బ్ నమూనా. చాలా బోర్డులు దానికి దగ్గరగా ఉంటాయి. తేడా గడువు తేదీల్లో, కాలిఫోర్నియా వంటి ప్రత్యేక అంశాల్లో వస్తుంది. ఉన్న లైసెన్సుల్లో అన్నిటికన్నా కఠినమైన రాష్ట్రాన్ని ప్రమాణంగా పెట్టుకుంటే మిగతావి దానిలో ఇమిడిపోతాయి.

పాత బోర్డు నా మీద ఒకసారి జరిమానా వేసింది. చెప్పాలా?

చెప్పాలి. చిన్న జరిమానా, ఆలస్య రెన్యువల్ వంటివాటికి సాధారణంగా లైసెన్సు ఆగదు. వివరణతో, తుది ఉత్తర్వు ప్రతితో పంపితే సరిపోతుంది. దాచిపెట్టడం మాత్రం అసలు తప్పుకన్నా పెద్ద తప్పుగా లెక్కకు వస్తుంది. బోర్డులు క్రమశిక్షణ చర్యల సమాచారాన్ని ఒకదానితో ఒకటి పంచుకుంటాయి.

ఎక్కువ ఆలస్యం ఎక్కడ జరుగుతుంది?

పత్రాల దగ్గర. పేరు తేడా మొదటి శత్రువు: ఇంటిపేరు డిగ్రీలో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, లైసెన్సులో చివర ఉంటే మూడు పత్రాలూ ముగ్గురు మనుషులవిగా కనిపిస్తాయి. అఫిడవిట్ ముందే సిద్ధం చేసుకోండి. విశ్వవిద్యాలయం నేరుగా పంపాల్సిన మార్కుల పత్రం మీరు పంపితే చెల్లదు. పాత బోర్డు ధ్రువీకరణ లేఖకు కొంతకాలమే విలువ ఉంటుంది, మిగతావన్నీ అందేలోపు అది పాతబడిపోవచ్చు. అందువల్ల దాన్ని చివర తెప్పించుకోవడం తెలివైన పని. కొన్ని బోర్డులు సమావేశం జరిగినప్పుడే దరఖాస్తులు ఆమోదిస్తాయి. తదుపరి సమావేశం ఎప్పుడో ముందే తెలుసుకుంటే ఒక విడత ఎదురుచూపు తప్పుతుంది.

ఎన్ని లైసెన్సులు ఉంచుకోవాలి? అక్కరలేనివి ఎలా వదిలేయాలి?

మూల లైసెన్సును ఎట్టి పరిస్థితిలోనూ వదలకండి. మిగతావాటిలో రెండు మూడేళ్లుగా ఒక్క పనీ రాని రాష్ట్రాన్ని వదులుకోవచ్చు, తిరిగి అవసరమైతే సర్టిఫికెట్ ఎలాగూ ఉంటుంది. అయితే ఫీజు కట్టకుండా గడువు దాటనివ్వడం వదిలేసే పద్ధతి కాదు. కొన్నిచోట్ల అది అపరాధంగా నమోదవుతుంది, ఆ గడువు దాటిన కాలంలో పాత ప్రాజెక్టుకు చిన్న సవరణ డ్రాయింగు మీద సంతకం చేసినా లైసెన్సు లేకుండా పని చేసినట్లే. బోర్డుకు రాసి స్వచ్ఛందంగా అప్పగించండి, లేదా అక్రియ హోదా, విశ్రాంత హోదా ఉంటే అడగండి. అప్పగించే ముందు ఆ రాష్ట్రంలో నిర్మాణ దశలో ఉన్న పని ఏదీ మిగిలి లేదని చూసుకోండి. అక్కడి సీలును, ఎలక్ట్రానిక్ సంతకాన్ని వాడకం నుంచి తొలగించి, అప్పగింతను ధ్రువపరిచే లేఖ భద్రపరచుకోండి. తర్వాత ఏ బోర్డు అడిగినా ఆ లేఖ ప్రతి పంపాల్సి ఉంటుంది.